ఒమన్ నుంచి ఊరికి ఏం తీసుకెళ్లాలి? ఈ దేశంలో పుట్టినవే కావాలి

గోదారి గట్టు (మస్కట్)

అందరికీ నమస్కారం. మేం మస్కట్ వచ్చి మూడేళ్లు కావస్తోంది. మావారు, నేను, ఇద్దరు పిల్లలు. వేసవి సెలవులు ఇవ్వగానే జూన్ రెండో వారంలో రాజమండ్రి వెళ్తున్నాం.

మొదటిసారి వెళ్లినప్పుడు అందరూ తీసుకెళ్లేవే నేనూ తీసుకెళ్లాను. పాలపొడి, బాదం పప్పు, నారింజ రసం పొడి, నొప్పుల బామ్, సబ్బులు. పెట్టె విప్పాక మా మామగారు ఒక్కో డబ్బా తిప్పి చదివారు. ఏదీ ఒమన్‌ది కాదు. "ఇవన్నీ బాగున్నాయమ్మా, మీరుండే దేశంలో ఏం పండుతుంది? అక్కడి వాళ్లు ఏం చేస్తారు?" అని అడిగారు. ఆయన రైతు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను ఖర్జూరం అన్నాను, ఆ తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అది నా మనసులో అలాగే ఉండిపోయింది.

రెండోసారి అత్తగారు సాంబ్రాణి తెమ్మన్నారు. ఇక్కడ ఒక దుకాణంలో లుబాన్ అడిగితే "నంబర్ వన్" అంటూ పావుకిలో ఇచ్చాడు. ఊళ్లో నిప్పుల మీద వేస్తే నల్లటి పొగ, మాడు వాసన. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు కొట్టు నుంచి మామూలు సాంబ్రాణి తెప్పించుకున్నారు.

ఈసారి సరిగ్గా తీసుకెళ్లాలి. ఇక్కడ పుట్టినవి, ఇక్కడి చేతులు చేసినవి ఏవో, ఎలా చూసి కొనాలో దయచేసి చెప్పండి.

ముత్రా అత్తరు (మస్కట్)

అక్కా, మాది హైదరాబాద్ పాతబస్తీ. ముత్రా సూక్‌లో అత్తర్లు, ధూపాలు అమ్మే దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. మీ అత్తగారు అడిగింది, మీరు కొన్నది రెండూ వేరు.

మన సాంబ్రాణిని మా ఇళ్లలో లోబాన్ అంటాం. అది సుమత్రా వైపు పెరిగే వేరే చెట్టు బంక. పాతకాలంలో అరబ్ వ్యాపారులు దాన్ని 'లుబాన్ జావీ' అన్నారు, అంటే జావా లుబాన్ అని. ఇంగ్లీషు వాళ్ల బెంజాయిన్ అనే మాట కూడా దాని నుంచే పుట్టింది. మన దగ్గరికి వచ్చేసరికి జావా పోయి లోబాన్ మిగిలింది. ఇక్కడ ఉత్తగా లుబాన్ అంటే ధోఫార్, అంటే దక్షిణాన సలాలా వైపు ప్రాంతం, అక్కడి చెట్టు బంక. సాంబ్రాణిది కాస్త తియ్యటి, బరువైన వాసన. లుబాన్‌ది నిమ్మతొక్క గిల్లినట్టు ఉండే తేలిక వాసన. అత్తగారికి ఇది ముందే చెప్పి ఇవ్వండి. సాంబ్రాణి అనుకుని వెలిగిస్తే ఎంత మంచి లుబాన్ అయినా నచ్చదు.

కొనేటప్పుడు రంగు చూడండి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లటి ముక్క, వెలుతురుకు పెడితే కాంతి లోపలి నుంచి రావాలి. దాన్ని హోజరీ అంటారు. పసుపు రంగువి దాని తర్వాత. గోధుమ రంగులో, బెరడు ముక్కలు అంటుకుని ఉన్నవి చవకవి. అవి చెడ్డవేమీ కాదు, ఇక్కడి ఇళ్లలో రోజువారీ ధూపానికి అవే వాడతారు. కానీ వాటికి హోజరీ ధర ఇవ్వకూడదు. మీకు జరిగింది అదే అయ్యుంటుంది.

ఇంకొకటి. ఎర్రగా రగిలే నిప్పు మీద వేస్తే హోజరీ కూడా మాడుతుంది. బొగ్గు పైన తెల్లటి బూడిద పొర కట్టేదాకా ఆగి, శనగగింజంత ముక్క ఒక్కటి వేయండి. అది కరిగి, బుడగలు వచ్చి, పొగ తెల్లగా సన్నగా లేస్తుంది. ముక్క నల్లబడగానే తీసేయాలి. వాసన ఉన్నది ఆ మొదటి కొన్ని నిమిషాల్లోనే.

సలాలా గాలి (సలాలా)

ముత్రా తమ్ముడు బంక సంగతి చెప్పాడు, నేను చెట్టు సంగతి చెప్తాను. మాది అమలాపురం దగ్గర. సలాలాలో ఎలక్ట్రీషియన్‌గా పదకొండేళ్లు. నా భార్య, కూతురు కూడా ఇక్కడే ఉంటారు. రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు, అరటి గెలలు, బొప్పాయిలు అమ్మే బండ్లు చూసి, వచ్చిన రోజే నా భార్య "మన కోనసీమే కదండీ" అంది.

జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 వరకు ఇక్కడ ఖరీఫ్. అవును, మన వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే ఖరీఫే. అరబ్బీలో ఆ మాటకు శరదృతువు అని అర్థం, రబీ అంటే వసంతం. మనకు వర్షాలు తెచ్చే నైరుతి రుతుపవనమే ఇక్కడి కొండల్ని తాకి నెలల తరబడి తుంపర కురిపిస్తుంది. మస్కట్ మాడిపోతుంటే ఇక్కడ కొండలన్నీ పచ్చగా, మంచు కమ్మి ఉంటాయి.

మేలైన లుబాన్ మాత్రం ఆ పచ్చటి వైపు రాదు. కొండ దాటాక, తుంపర చేరని రాళ్ల నేల ఉంటుంది. హోజరీ చెట్లు అక్కడే. పెద్ద ఎత్తు పెరగవు, మొదట్లోనే కొమ్మలుగా చీలిపోయి, బెరడు కాగితంలా ఊడుతూ ఉంటుంది. ఆ బెరడును మంకఫ్ అనే చిన్న ఉలిలాంటి పరికరంతో రూపాయి బిళ్లంత మేర గీస్తారు. పాలలాంటి చుక్కలు ఊరతాయి. రెండు వారాలకు గట్టిపడ్డాక గోకి తీస్తారు. మొదటి గీతలో వచ్చింది నాసిరకం. అదే చోట మళ్లీ మళ్లీ గీసినప్పుడు వచ్చేదే మంచిది. అతిగా గీస్తే చెట్టు నీరసించి చచ్చిపోతుంది. నాకు చూపించిన పెద్దాయన ఒక చెట్టు దగ్గర ఆగి, దాన్ని తాకకుండానే ముందుకు నడిచాడు. అది విశ్రాంతిలో ఉందని చేత్తో సైగ చేశాడు.

మా అమ్మాయిని తీసుకుని వాదీ దౌకా వెళ్లాను, అక్కడ ఈ చెట్ల వనం ఉంది. 2000లో యునెస్కో గుర్తించిన నాలుగు చోట్లలో అదొకటి. తీరంలో ఖోర్ రోరీ అనే మరో చోట సుమ్హురమ్ రేవు శిథిలాలున్నాయి. రెండు వేల ఏళ్ల కిందట లుబాన్ అక్కడి నుంచే ఓడలెక్కేది. తవ్వకాల్లో మన దేశం నుంచి వచ్చిన చిన్న కంచు స్త్రీమూర్తి కూడా దొరికింది. ఆ గోడల మధ్య నిలబడి మా అమ్మాయికి ఆ మాట చెప్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. మనవాళ్లు ఇక్కడికి రావడం నిన్నామొన్నటి మాట కాదు.

మీ మామగారు రైతు అన్నారు కాబట్టి ఇది కూడా చెప్పండి. ఈ చెట్టుకు మన అడవుల్లో చుట్టం ఉంది, అందుగు చెట్టు. ఆయుర్వేదంలో దాన్ని శల్లకి అంటారు.

నిదానమే ప్రధానం (సొహార్)

నేను నర్సుని, ఊరు కడప. పై విషయాలన్నీ చాలా బాగున్నాయి. కానీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. ఇక్కడివాళ్లు హోజరీ ముక్కల్ని రాత్రి నీళ్లలో వేసి పొద్దున ఆ నీళ్లు తాగుతారు, బంక నములుతారు. అది వాళ్ల ఇంటి అలవాటు. మనవాళ్లు దాన్ని విని షుగర్‌కు, కీళ్లకు, చివరికి క్యాన్సర్‌కు మందని ఊరికి పంపుతున్నారు. ఒకాయన తన తల్లికి మాత్రలు మాన్పించి ఈ నీళ్లు పట్టించాడని విన్నప్పుడు నాకు చాలా భయం వేసింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా తాగించకండి. ఆయాసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న గదిలో ధూపం వేయకండి. తలంటు పోశాక పిల్లల జుట్టుకు పొగ పట్టడం మన అలవాటే అని నాకూ తెలుసు, అయినా చెప్తున్నాను.

జగిత్యాల బిడ్డ (నిజ్వా)

అక్కా, నమస్తే. నేను ఖర్జూరం తోటలో పని చేస్తాను. ఇంటిల్లిపాదీ ఊళ్లోనే ఉన్నారు, నేను ఒక్కడినే ఇక్కడ. హోజరీ కొనేంత జీతం నాకు లేదు. కానీ ఖర్జూరం గురించి మాత్రం చెప్పగలను.

మా నాయన తాటిచెట్లు ఎక్కేవాడు. మోకు, ముత్తాదు లాంటి చెట్టెక్కే సరంజామా చూస్తూ పెరిగాను. ఇక్కడ మొదటిరోజు సేఠ్ తాడు నడుముకు చుట్టి చెట్టు ఎక్కి చూపిస్తే, నేను అది తీసుకుని ఎక్కేశాను. ఆయన కింద నిలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి నన్ను బాగా చూసుకున్నాడు.

ఈ చెట్లలో మగవి, ఆడవి వేరు. చలి తగ్గే సమయంలో మగ పూత తెచ్చి ప్రతి ఆడ చెట్టు గెలలో మనమే పెట్టాలి. గాలికి వదిలేస్తే కాపు సరిగా రాదు. ఆ తర్వాత గెలలు వంచి కట్టడం, పల్చన చేయడం, ఆకుల ముళ్లు కోయడం. ఎండ బాగా ముదిరాక పండ్లు వస్తాయి. ముందుగా వచ్చేది నగాల్ రకం. ఖలాస్ తేనె రంగులో మెత్తగా ఉంటుంది, అందరికీ అదే ఇష్టం. ఫర్ద్ ముదురు రంగు, తీపి కాస్త తక్కువ, చాలా రోజులు నిలవ ఉంటుంది. ఊరికి పంపాలంటే నేను ఫర్దే పంపుతాను. జూన్‌లో వెళ్తే మీకు దొరికేది పోయిన ఏడాది పంట. డబ్బా మీద ఒమన్ అని ఉందా లేదా చూడండి, పక్క దేశాలవి కూడా కలిపి అమ్ముతారు.

ఇంకో రకం ఉంది, మబ్సలీ. దాన్ని పండనివ్వరు. పసుపు రంగులో గట్టిగా ఉన్నప్పుడే కోసి, పెద్ద రాగి గంగాళాల్లో ఉడకబెట్టి, ఎండలో ఆరబోస్తారు. తూర్పున షర్కియా వైపు జులైలో ఇది పెద్ద పండగలా జరుగుతుంది. ఆరాక ఎక్కువ భాగం మన దేశానికే వెళ్లేది. పెళ్లిళ్లలో పసుపు కొమ్ములు, వక్కలతో పెడతామే ఎండు ఖర్జూరం, అలాంటిదే. మా చెల్లె పెళ్లిలో ఇవి పళ్లెంలో పోస్తున్నప్పుడు ఇవి ఎక్కడి నుంచి వస్తాయో నాకు తెలియదు. ఇక్కడికి వచ్చాక గంగాళం చూసి తెలిసింది.

తోటకు నీళ్లు ఫలజ్ నుంచి వస్తాయి. కొండ కింది ఊట నుంచి కాలువ. మోటారు లేదు, కరెంటు లేదు. ఎవరి వంతు ఎన్ని గంటలో లెక్క చూసే మనిషి ఉంటాడు, అరీఫ్ అంటారు. మన ఊరి చెరువు దగ్గర నీరటికాడు ఉండేవాడు కదా, అట్లనే. పూర్వం పగలు నీడ చూసి, రాత్రి చుక్కల్ని చూసి వంతులు లెక్కగట్టేవాళ్లట. మా దగ్గరి ఫలజ్ దారిస్‌ను 2006లో యునెస్కో జాబితాలో పెట్టారు. మీ మామగారికి ఇది చెప్తే ఆయనకు నచ్చుతుంది.

గోదారి గట్టు (మస్కట్)

తమ్ముడూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. నిజ్వా కోట చూడటానికి రెండుసార్లు వచ్చాం, పక్కనే పారే నీళ్లలో పిల్లలు కాళ్లు కూడా పెట్టారు. అది ఫలజ్ అని, దానికి వంతులుంటాయని ఇప్పుడే తెలిసింది. తీపి గురించి ఎవరైనా చెప్తారా? హల్వా తీసుకెళ్దామంటే పాడైపోతుందేమో అని టెన్షన్.

బందరు వాసి (మస్కట్)

హల్వా మాట వచ్చింది కాబట్టి నేను ఆగలేను. మాది మచిలీపట్నం. బందరు హల్వాకు, మాడుగుల హల్వాకు గోధుమ పాలు ప్రాణం. ఇక్కడి హల్వాకు స్టార్చ్ పిండి, నెయ్యి, పంచదార, కుంకుమపువ్వు, ఏలకులు, పన్నీరు (గులాబీ నీళ్లు). బర్కాలో ఒక హల్వా వంటశాలకు మా ఆఫీసు ఒమనీ మిత్రుడు తీసుకెళ్లాడు. పెద్ద రాగి పాత్రలో రెండు గంటలకు పైగా గరిటె ఆపకుండా తిప్పుతున్నారు. చేయి ఆగితే అడుగంటుతుంది. మా మేనమామ కూడా ఇలాగే చెప్పేవాడు, హల్వాలో సగం పిండి, సగం భుజం అని.

రంగును బట్టి పసుపుది, నల్లది ఉంటాయి. కుంకుమపువ్వు ఎక్కువైన కొద్దీ ధర పెరుగుతుంది. మీ పెద్దవాళ్లకు పసుపుది నచ్చుతుంది. పంచదార, నెయ్యి ఎక్కువ కాబట్టి ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవ ఉంటుంది, మీరేం కంగారు పడకండి. తడి చెంచా తగలనివ్వకండి, అంతే. విమానాశ్రయంలో కాకుండా రోజూ వండే చోట కొనండి, గోరువెచ్చగా మట్టి గిన్నెలోనో డబ్బాలోనో నింపి ఇస్తారు.

ఇంటికి వెళ్లి పెట్టేటప్పుడు ఇక్కడి పద్ధతిలో పెట్టండి. గిన్నె మధ్యలో ఉంచి, కుడిచేతి వేళ్లతో కొంచెం తీసుకుని తినాలి. వెంట చేదు కాఫీ, కహ్వా. చిన్న కప్పులో అడుగున కొంచెమే పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. అది తెలియక నేను మొదటి ఈద్‌కు ఏడు కప్పులు తాగాను. ఇంటాయన ఒక్కసారి కూడా విసుక్కోకుండా పోస్తూనే ఉన్నాడు. ఆ మర్యాద నేను మర్చిపోలేను.

రెండూళ్ల పిల్ల (హైదరాబాద్)

నేను మస్కట్‌లోనే పెరిగాను, పన్నెండో తరగతి దాకా అక్కడే చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఎవరూ చిప్స్ ఒమన్ పేరు ఎత్తలేదు! బడి వదిలాక వేడి పరాఠాలో చీజ్ రాసి, ఆ కారం చిప్స్ నలిపి వేసి, చుట్టి ఇచ్చేవారు. మా క్లాసులో మలయాళీలు, తమిళులు, గుజరాతీలు, మేము, అందరికీ అదే చిరుతిండి.

బందరు వాసి (మస్కట్)

అమ్మా, చిప్స్ ఎక్కడైనా దొరుకుతాయి కదా. ఆవిడ అడిగింది ఈ నేలలో పుట్టినవాటి గురించి.

రెండూళ్ల పిల్ల (హైదరాబాద్)

అంకుల్, మీ మాట కాదనను. కానీ ఆవిడ పిల్లలిద్దరూ ఆ నేలలోనే పెరుగుతున్నారు. వాళ్లను అడిగి చూడండి, తాతయ్యకు ఏం చూపించాలని ఉందో. నాకైతే హైదరాబాద్ వచ్చిన మొదటి ఏడాది మా నాన్న పంపిన చిప్స్ పొట్లం విప్పినప్పుడు ఏడుపొచ్చింది. హల్వాకు అలా రాలేదు.

ఇంకొకటి, పన్నీరు. జబల్ అఖ్దర్ కొండల మీద మార్చి చివరి నుంచి మే మొదటి వారాల దాకా గులాబీలు పూస్తాయి. తెల్లవారకముందే కోసి, మట్టి పొయ్యిలో రాగి పాత్రల మీద ఆవిరి పట్టి తీస్తారు. అసలైనది స్వచ్ఛంగా నీళ్లలా ఉండదు, కొంచెం గోధుమ రంగులో పొగ వాసనతో ఉంటుంది. మా అమ్మ రెండు చుక్కలు పరమాన్నంలో వేసేది. మీరు వెళ్లేది జూన్ కాబట్టి కొత్త పన్నీరు దొరుకుతుంది. సీసా చేతి సంచిలో కాదు, పెద్ద పెట్టెలో పెట్టండి.

బందరు వాసి (మస్కట్)

సరే తల్లీ, ఒప్పుకున్నాను. చిప్స్ కూడా పెట్టించండి.

ముత్రా అత్తరు (మస్కట్)

వెండి ఖంజర్ కొనమని ఎవరో ఒకరు చెప్తారు, అందుకే రాస్తున్నాను. అది ఈ దేశపు చిహ్నంలోనే ఉన్న బాకు. పెళ్లికి, ఈద్‌కు నడుముకు కడతారు. నిజ్వాలో, ముత్రాలో మంచి పనివాళ్లు ఉన్నారు. కానీ నిజమైన దాని ధర వందల రియాళ్లలో ఉంటుంది, చవకగా దొరికేది బయటి దేశంలో అచ్చుపోసినది. దాని బదులు ధోఫార్ మట్టి ధూపపాత్ర, మజ్మర్, తీసుకెళ్లండి. రంగులు వేసి ఉంటుంది, రెండు మూడు రియాళ్లకే మంచిది వస్తుంది. బట్టల మధ్య చుట్టి పెడితే పగలదు.

గోదారి గట్టు (మస్కట్)

నిన్న తిరిగి వచ్చాం. ముందు మీ అందరికీ చెప్పాలి.

హల్వా మూడు రోజుల్లో అయిపోయింది. మామగారు గిన్నె చుట్టూ అందరినీ కూర్చోబెట్టి వేళ్లతోనే తినమన్నారు. ఫర్ద్ ఖర్జూరం గింజలు కడిగి దాచుకున్నారు, మొలకెత్తుతుందో లేదో చూస్తారట. నీళ్ల వంతుల సంగతి చెప్పినప్పుడు ఆయన లేచి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. అరీఫ్‌కు జీతమా, ధాన్యంలో వాటానా, పై రైతుకు కింది రైతుకు తగువొస్తే ఎవరు తీరుస్తారు, ఒకటే ప్రశ్నలు. సగానికి నా దగ్గర జవాబు లేదు. అన్నీ కాగితం మీద రాసిచ్చి, కనుక్కుని ఫోన్ చేయమన్నారు.

అత్తగారికి ఇది సాంబ్రాణి కాదని ముందే చెప్పాను. బూడిద పొర కట్టేదాకా ఆగి నేనే ఒక ముక్క వేశాను. ఆవిడ దగ్గరికి వచ్చి వాసన చూసి, "దబ్బపండు తొక్కలా ఉందే" అన్నారు. తర్వాత మిగతా పొట్లాన్ని పసుపు డబ్బా పక్కన దాచారు, కార్తీక మాసానికట. రోజూ మాత్రం పాత సాంబ్రాణే వేస్తున్నారు. నాకు అది చాలు. చిన్నవాడు చిప్స్ పొట్లాలు వీధి పిల్లలందరికీ పంచాడు, ఒక్కటీ మిగల్లేదు.

జగిత్యాల తమ్ముడూ, మామగారి ప్రశ్నలు పద్నాలుగు ఉన్నాయి. వచ్చే శుక్రవారం మేం నిజ్వా వస్తాం. పులిహోర, మామిడికాయ పప్పు, వంకాయ కూర వండి తెస్తాను. మీతో పని చేసేవాళ్లు ఎంతమందో చెప్పండి, అందరికీ సరిపడా తెస్తాను.

జగిత్యాల బిడ్డ (నిజ్వా)

అక్కా, ఐదుగురం ఉన్నాం. ఇద్దరు బంగ్లాదేశ్ వాళ్లు, వాళ్లు కూడా అన్నమే తింటారు. శుక్రవారం మా తోట నీళ్ల వంతు పొద్దున పదింటికి అయిపోతుంది. ఆ ముందే వస్తే మడవ మార్చేది పిల్లలు చూస్తారు. అరీఫ్ తాత కూడా అక్కడే ఉంటాడు. ఆయనకు హిందీ వస్తుంది, పద్నాలుగూ ఆయన్నే అడుగుదాం.